నమూనా ఇచ్చినవాళ్ల మాట

రాయచెర్లు పేరు బయటి పత్రికల్లో కనిపించిందంటే అది ఎండ పుణ్యమే. కర్ణాటకలోని పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. ఆ భూముల్ని కొనలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచేటట్టు లీజుకు తీసుకున్నారు. సెంటు భూమి లేని కూలీలకు ఇందులో ఏం దక్కిందన్న ప్రశ్న ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అయినా భూమి ఉన్నవాడి వరకు ఎవరి నేల, ఎన్నేళ్లకు, బదులుగా ఎంత అన్న మూడు సంగతులూ కాగితం మీదికి ఎక్కాయి. అదే రైతు మోకాళ్ల నొప్పులతో పెద్దాసుపత్రికి పోతాడు. రక్తమిస్తాడు, ఎక్స్‌రే తీయించుకుంటాడు, అతని కేసు షీటు ఎవరి పరిశోధనలోకో పోతుంది. ఎవరికి, ఎందుకు, తిరిగి ఏమొస్తుంది అని అతనికి తెలిసే సందర్భాలు బహు తక్కువ.

వైద్య పరిశోధనలో రోగుల, ప్రజల భాగస్వామ్యం అన్న వాదం ముప్పై ఏళ్లుగా గట్టిగా వినిపిస్తున్నది ఇంగ్లండు నుంచి. ప్రభుత్వ ఆరోగ్య సేవల పరిశోధనలో ప్రజలకు చోటు కల్పించడానికి అక్కడ 1996లో ఒక సంస్థ పెట్టారు. తర్వాత ఇన్‌వాల్వ్ అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది. వాదం సారం చిన్నదే. మందు పరీక్షకు ఒప్పుకుని వేలిముద్ర వేయడంతో రోగి పని అయిపోకూడదు. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలి, ఏది కొలవాలి, తేలినదాన్ని ఎవరికి చెప్పాలి అని నిర్ణయించే చోట అతను కూడా కూర్చోవాలి. వినడానికి బాగానే ఉంది. ఇంగ్లండు పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి దించుకుంటే మాత్రం మనకు మరో కమిటీ, మరో బోర్డు మిగులుతాయి. ఈ సంగతిని మన చుట్టుపక్కల జరిగినవాటి నుంచే చూడటం మేలు. జరిగినవి తక్కువేమీ కావు.

పావగడ ఉన్న తుమకూరు జిల్లాలోనే, ఇంగ్లండులో ఈ మాట పుట్టక ముందే, రోగి చెప్పింది విని ఒక దేశం తన విధానం మార్చుకున్న అధ్యయనం జరిగింది. బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ 1959లో మొదలైంది. అప్పట్లో పట్టణాల నిపుణుల్లో గట్టిగా ఉన్న నమ్మకం ఒకటుంది: పల్లెటూరివాడికి తన జబ్బు తెలియదు, తెలిసినా పట్టించుకోడు, కాబట్టి ఎక్స్‌రే బండ్లు వేసుకుని ఊరూరా తిరిగి మనమే రోగుల్ని పట్టుకోవాలి. ఆ సంస్థవాళ్లు 1960-61లో తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఎంత ఉందో లెక్కగట్టే సర్వే చేశారు. ఆ వెనకనే దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంకో పని పెట్టుకున్నారు. సర్వేలో క్షయ బయటపడినవాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపి, నీకు ఒంట్లో ఎలా ఉంది, ఎప్పటినుంచి, దానికి నువ్వేం చేశావు అని అడిగించారు. జబ్బు లేనివాళ్లను కూడా పోల్చి చూడటానికి అడిగారు. అడుగుతున్నవాళ్లకు ఎదుటి మనిషి రోగి అవునో కాదో తెలియనివ్వలేదు.

1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయిన ఫలితం నిపుణుల నమ్మకాన్ని తలకిందులు చేసింది. క్షయ ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి తమ లక్షణాలు తెలుసు. 70 మందికి పైగా వాటి గురించి బెంగపడుతున్నారు. సగం మందికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ వాళ్లకు దొరికింది ఎక్కువగా దగ్గు మందు సీసా. అంటే లోపం ఊరివాడి తెలివిలో లేదు, ఆసుపత్రిలో ఉంది. దగ్గుతో తనంతట తాను వచ్చినవాడి కళ్లె పరీక్ష చేస్తే చాలు, సగం పని అయిపోతుంది. అచ్చు కాకముందే, 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమానికి ఇదే పునాది. సాధారణ ఆసుపత్రుల్లోనే, సూక్ష్మదర్శినితో కళ్లె చూసి, అక్కడే మందివ్వాలి. ఆ జిల్లా నమూనాను మొదట నడిపి చూసింది పావగడకు పొరుగునే ఉన్న అనంతపురంలో.

ఇందులో పల్లెవాళ్లెవరూ కమిటీలో కూర్చోలేదు. ప్రశ్న వేసింది బెంగళూరువాళ్లే. భాగస్వామ్యం నిర్వచనాలను కచ్చితంగా పట్టుకుంటే ఈ అధ్యయనం పరీక్ష తప్పుతుంది. అయినా నా లెక్కలో ఈ రంగంలో మన దేశంలో జరిగిన మంచి పని ఇదే. రోగి మాటను సాక్ష్యంగా తీసుకున్నారు. ఆ సాక్ష్యం తమ నమ్మకానికి ఎదురు తిరిగినప్పుడు నమ్మకాన్నే వదులుకున్నారు. కమిటీలు ఎన్ని ఉన్నా ఈ రెండోది జరగడం అరుదు. బెనర్జీ తర్వాత ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్య కేంద్రాన్ని నిలబెట్టి, జీవితమంతా ఇదే వాదించాడు.

ప్రశ్ననే ప్రజలు వేసిన సందర్భం ఇంకొకటుంది, అది ఇంకా పాతది. 1930ల తొలినాళ్లలో, అప్పటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి వైపు రైతులు తమ ఎద్దులు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని గమనించారు. కొత్త బోర్లు వేసుకున్న కాలం కాదది, బావి నీళ్లే. పశువుల్లో మొదలైన ఆరా మనుషుల నడుములు, మెడలు దాకా వచ్చింది. 1937లో షార్ట్, ఆయన తోటివారు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో దాన్ని ఫ్లోరైడ్ విషంగా ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. పాఠ్యపుస్తకాల్లో డాక్టర్ల పేర్లు మిగిలాయి. ఎద్దు కాలు చూసి అనుమానపడ్డ రైతుల పేర్లు ఎక్కడా లేవు.

ఆ తర్వాత పరిశోధన చాలా జరిగింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1970ల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే యువకుల గురించి రాశారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ దించే నల్గొండ పద్ధతిని కనిపెట్టింది. రసాయనంగా అందులో తప్పు లేదు. కానీ రోజూ కొలత చూసి కలపాలి, తేర్చాలి, వడకట్టాలి, అడుగున పేరుకున్న బురదను ఎక్కడో పారబోయాలి. ఆ చాకిరీ ఇంట్లో ఎవరి మీద పడుతుందో ఆ ఆడవాళ్లను ముందే అడిగి ఉంటే ఆ పద్ధతి వేరే రూపంలో వచ్చేదేమో. చాలా ఊళ్లలో అది నిలవలేదు. చివరికి నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ వ్యథను ఢిల్లీ దాకా తీసుకుపోయింది పరిశోధన పత్రాలు కావు. జలసాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ 2003లో మర్రిగూడ వైపు కుర్రవాడు, ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంకర్లు పోయిన అంశాల స్వామిని ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. 2023 జనవరిలో చనిపోయేదాకా స్వామి ఆ ఉద్యమానికి ముఖంగా ఉన్నాడు. ఒక జబ్బుకు ముఖంగా నిలబెట్టడం భాగస్వామ్యమా? సగం మాత్రమే అంటాను. అతన్ని చూపించారు, అతనూ ఇష్టపడే నిలబడ్డాడు. కానీ ఫ్లోరోసిస్ మీద తర్వాతి పరిశోధన ఏ దిక్కుకు పోవాలో అతన్ని అడిగే చోటు మాత్రం లేదు.

పావగడ నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే. పళ్ల మీద పసుపు చారలు, వయసు మీదపడకముందే వంగని నడుములు ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఊళ్లలో శుద్ధనీటి కేంద్రాలు వచ్చాయి, తుంగభద్ర నీళ్ల పథకమూ చేపట్టారు. ఈ మధ్యకాలంలో ఇక్కడి జనం అడిగే ప్రశ్నలు డాక్టర్ల ప్రశ్నలకంటే భిన్నంగా ఉంటాయి. తాగే నీళ్లు మార్చాం సరే, వంటకూ పశువులకూ బోరు నీళ్లే వాడితే లాభమెంత? యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఇప్పుడు నీళ్లు మారిస్తే నొప్పి తగ్గుతుందా? శుద్ధనీటి కేంద్రం విడిచిపెట్టే వ్యర్థజలం ఎక్కడికి పోతోంది? వీటిలో ఒక్కటైనా ఎండీ థీసిస్ పేరుగా మారితే నేను ఆశ్చర్యపోతాను. థీసిస్ పేర్లు ఎక్కువగా ఆసుపత్రికి వచ్చిన వందమంది రోగుల్లో ఫలానా పరీక్ష విలువ అన్న తీరులో నడుస్తాయి. పీజీ విద్యార్థి మూడేళ్లలో ముగించాలి, చేతికందిన రోగులతోనే చేయాలి. తప్పంతా వాళ్లదనలేం. కానీ మన బోధనాసుపత్రుల్లో పరిశోధన అంటే పెద్ద భాగం ఈ థీసిస్‌లే. వీటి జోలికి పోకుండా భాగస్వామ్యం గురించి ఎంత మాట్లాడినా పైపైదే.

ఉద్దానం కథ ఇందుకు భిన్నం. అక్కడ పరిశోధన లోటు లేదు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకే మూత్రపిండాలు పాడవుతున్న సంగతి రెండు దశాబ్దాలకు పైగా నలుగుతోంది. శాస్త్రీయంగా చేసిన లెక్కలు పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉందన్నాయి. కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో అనుమానం. ఈ లోపు ఎన్నో బృందాలు వచ్చి రక్తం, మూత్రం, నీళ్లు, మట్టి సీసాల్లో పట్టుకుపోయాయి. ఊళ్లలో పదే పదే వినిపించే ఫిర్యాదు ఒకటే: తీసుకుపోయినవాళ్లు మళ్లీ రాలేదు, ఏం తేలిందో చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీరు తెచ్చారు. ఇవి రోగుల ఒత్తిడి లేకుండా వచ్చేవి కావు. ఆ మాత్రం గుర్తించాలి. అయినా నమూనా ఇచ్చిన మనిషికి తన క్రియాటినిన్ ఎంతో ఒక చీటీ మీద రాసి ఇవ్వడానికి కొత్త భవనం అక్కర్లేదు. కారణం తేలలేదన్న మాట కూడా ఒక ఫలితమే. దాన్ని ఊరికి వచ్చి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది, రక్తం తీసేవాళ్లంటే తలుపు వేసుకునే రోజు వస్తుంది.

నమ్మకం పోయాక ఏమవుతుందో భద్రాచలంలో చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ నిరోధించే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. పిల్లల్లో చాలామంది గిరిజన వసతి గృహాల్లో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవ రేగాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. కానీ కాగితాలు విప్పితే బయటపడ్డది వేరే సంగతి. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ ఉదంతాన్ని విదేశీ కంపెనీల కుట్రగా చెప్పేవాళ్లున్నారు, అంతా అపోహ అని కొట్టేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. టీకా మంచిదే. క్యాన్సర్‌తో ఆడవాళ్లు చనిపోతున్న దేశానికి అవసరమైనదే. ఆ పిల్లల తల్లులను ఒకచోట కూర్చోబెట్టి, ఇది ఏమిటి, ఎవరు వేస్తున్నారు, ఒంట్లో బాగోకపోతే ఎవరి దగ్గరికి రావాలి అని కోయ భాషలోనో తెలుగులోనో చెప్పడానికి కొన్ని వారాలు పట్టేది. ఆ వారాలు మిగుల్చుకోబోయి ఏళ్లు పోగొట్టుకున్నారు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల వైపు పేద ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకుపోయి డబ్బిచ్చి మందు పరీక్షలు చేశారన్న ఉదంతం కూడా తెలుగు పత్రికలు చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ సంతకాలు ఉన్నాయి. దేని మీద సంతకం పెట్టామో వాళ్లకు తెలుసా అన్నదే ప్రశ్న.

వీటన్నిటి తర్వాత చట్టం కాస్త గట్టిపడింది. 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్‌ను జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం తప్పనిసరి అయింది. ఇండోర్ కేంద్రంగా పనిచేసే స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లాక నష్టపరిహారం నిబంధనలు వచ్చాయి, సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలన్నారు. 2019 మార్చి నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్లలో సగంమంది ఆ సంస్థకు చెందనివాళ్లు, ఒకరు వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు, ఒకరైనా మహిళ. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకు వెళ్లి, అధ్యయనం జరిగే చోటి ప్రజలతో సలహా బృందం పెట్టుకోమన్నాయి.

ఆ సామాన్యుడి కుర్చీ గురించి ఒక మాట. చాలాచోట్ల అందులో రిటైరైన లెక్చరరో, పరిచయమున్న వ్యాపారో కూర్చుంటారు. ఇంగ్లీషు ప్రోటోకాల్ చదవగలవాళ్లు కావాలి మరి. పైగా ఎథిక్స్ కమిటీ పని ప్రమాదం ఆపడం. ఏ ప్రశ్న విలువైనదో చెప్పడం దాని పని కాదు. కనుక ఆ కుర్చీ నిండినంత మాత్రాన భాగస్వామ్యం వచ్చిందనుకుంటే పొరపాటు. భాష సంగతి పావగడలో ఇంకా చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, డాక్టరు రాసేది ఇంగ్లీషు. తుమకూరుకో బెంగళూరుకో పోతే సమ్మతి పత్రం కన్నడలో ఉంటుంది. అనంతపురం, హిందూపురం, పుట్టపర్తి వైపు పోతే తెలుగులో. రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని, చదువురానివాళ్లకు సంబంధం లేని సాక్షి పక్కనుండాలని నిబంధన. కన్నడ అక్షరాలు గుర్తుపట్టి తెలుగులో ఆలోచించే అరవై ఏళ్ల ఆడమనిషికి ఏది అర్థమయ్యే భాష? ఆమెకు చదివి వినిపించాలి, వినిపించేది ఆమె యాసలో ఉండాలి. ఈ పని ఆశా కార్యకర్తకంటే బాగా చేయగలవాళ్లు లేరు. పరిశోధన బృందాలు ఆమెను రోగుల్ని తోలుకొచ్చే మనిషిగా మాత్రమే చూస్తాయి.

బయటి దేశాల అనుభవంలో మనకు పనికొచ్చేవి రెండు మూడున్నాయి. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన మోకీళ్ల అరుగుదల మీద పరిశోధనలన్నిటినీ చూసింది. వాటిలో అత్యధిక భాగం మందుల మీదే. రోగులను అడిగితే వాళ్లు కోరింది మోకీలు మార్పిడి గురించి, జబ్బును ఎలా కాచుకోవాలో చెప్పే శిక్షణ గురించి. కీళ్లవాతం పరిశోధకులు ఓమెరాక్ట్ అనే తమ అంతర్జాతీయ సదస్సుకు 2002లో మొదటిసారి రోగులను పిలిచారు. కీళ్ల వాపు, నొప్పి కొలుస్తూ వచ్చిన నిపుణులకు ఆ రోగులు చెప్పింది అలసట గురించి. రోజంతా ఒళ్లు లేవని అలసట. అప్పటిదాకా ట్రయల్స్‌లో దాన్ని సరిగా కొలిచినవాళ్లు లేరు. తర్వాత నాలుగైదేళ్లలో అది తప్పక కొలవాల్సిన వాటిలో చేరింది. ఇక భాగస్వామ్యం వల్ల లాభమెంత అని అడిగేవాళ్లకు 2018లో బీఎంజే ప్రచురించిన సమీక్ష ఉంది. రోగులను సంప్రదించిన ట్రయల్స్‌లో చేరేవాళ్లు కొద్దిగా పెరిగారు. ఆ జబ్బు స్వయంగా అనుభవించినవాళ్లు సలహా ఇచ్చినచోట ఇంకాస్త ఎక్కువ. అద్భుతమేమీ కాదు. ట్రయల్‌లో చేరేవాళ్ల సంఖ్యతోనే దీని విలువ కట్టడం నాకు నచ్చదు, అది ఆసుపత్రి వైపు లాభం. 2024 అక్టోబరులో సవరించిన హెల్సింకి ప్రకటన కూడా పరిశోధనకు ముందు, జరుగుతుండగా, అయిపోయాక పాల్గొన్నవాళ్లతో, వాళ్ల సమాజంతో సంబంధం ఉండాలంటోంది.

మన దగ్గర ఈ పని నిజంగా జరిగినచోట్ల ఒక పోలిక కనిపిస్తుంది: రోగులు ముందే ఒక గుంపుగా ఉన్నారు. హెచ్ఐవీ విషయంలో బాధితుల నెట్‌వర్కులు బలంగా ఉన్నాయి కాబట్టే టీకా ట్రయల్స్ 2005లో పుణెకు, 2006లో చెన్నైకి వచ్చినప్పుడు స్థానికుల సలహా మండళ్లు పెట్టక తప్పలేదు. హైదరాబాద్‌లో తలసేమియా పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో పెట్టుకున్న సొసైటీ రక్తమార్పిడులు చేస్తూనే, గర్భిణులకు ముందుగా పరీక్షలు చేయించే పనిలోకి దిగింది. బెంగళూరులో డుషెన్ కండరాల క్షీణత ఉన్న పిల్లల తల్లిదండ్రులు డార్ట్ అనే పరిశోధన సంస్థనే పెట్టుకున్నారు. వీళ్లకు చదువుంది, నగరముంది, ఫోను చేస్తే ఎత్తే డాక్టరున్నాడు. ఫ్లోరోసిస్ రోగికి, ఉద్దానం కొబ్బరితోట కూలీకి ఆ మూడూ లేవు. అందుకే వాళ్ల తరఫున మాట పుట్టాలంటే ఆసుపత్రే ఒక అడుగు ముందుకు వేయాలి.

ఆ అడుగు పెద్దదేం కాదు. తుమకూరు, అనంతపురం వైద్య కళాశాలలు తమ పీజీల థీసిస్ అంశాలు ఖరారు చేసే ముందు ఏడాదికోసారి పావగడ లాంటి తాలూకా కేంద్రంలో ఒక పూట కూర్చుని, ఇక్కడివాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాసుకోవచ్చు. అయిపోయిన ప్రతి థీసిస్ సారాంశాన్ని ఒక పేజీలో, కన్నడలోనూ తెలుగులోనూ, నమూనాలు తీసుకున్న ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించవచ్చు. ఇక రోగి ప్రతినిధిని సమావేశానికి పిలిస్తే, పావగడ నుంచి తుమకూరుకు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కి రాత్రికి దిగాలి. ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఇంగ్లండులో ఇలా వచ్చినవాళ్లకు ఇంత అని రేటు కట్టి ఇస్తారు. ఇక్కడ కూడా ప్రాజెక్టు బడ్జెట్ రాసేటప్పుడే, రసాయనాల పద్దు కింద, ఆ రెండు కూలీలకూ బస్సు చార్జీకీ ఒక గీత గీయాలి.